మేకు లేని పడవ

30 అడుగులకు పైబడిన పొడవు, 10, 11 అడుగుల వెడల్పు, అడుగున నిలబడితే మనిషి తల బయటికి కనిపించనంత లోతు. ఇంత పడవలో ఇనుప మేకు ఒక్కటి లేదు. బల్లల్ని లోపలినుంచి పట్టి ఉంచే పక్కటెముకలూ లేవు. మామిడి బల్లల్ని అంచుకు అంచు ఆనించి, ఆ అంచుల వెంట బెజ్జాలు తొలిచి, కొబ్బరి తాడుతో కుట్టేశారు. అలా కుట్టిన పడవల మీదే ఒకప్పుడు గవర్నర్లూ సిపాయిలూ, వెండి పెట్టెలూ ఉత్తరాల సంచులూ మద్రాసు ఒడ్డుకు చేరేవి. ఇంగ్లీషువాళ్లు దాన్ని మాసులా బోటు అని రాసుకున్నారు. మన ఉత్తర కోస్తా జాలర్లకు అది పడవ, అంతే.

ఈ రోజు ఆ కుట్టు పడవకు ఇంట్లో కూర్చుని, చెక్కతో, చేత్తో నమూనా కట్టడం గురించి మీతో మాట్లాడతాను.

చిన్న చిన్న పడవలు చేసి నీళ్లలో వదలడం మనకు కొత్తేమీ కాదు. కార్తీకం వెళ్లిన మర్నాడు, పోలి పాడ్యమికి, తెల్లారకముందే ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కాలవల్లో వదులుతారు. తొలకరి పడగానే పిల్లలు నోటుబుక్కులో కాగితాలు చింపుతారు. నేను చెప్పబోయే పని దానికి చుట్టమే కానీ, ఓపిక ఎక్కువ కావాలి. అసలు పడవను ఏ వరసలో కట్టారో ఆ వరసలోనే, ఏ రకం సామానుతో కట్టారో ఆ రకం సామానుతోనే, కొలత మాత్రం తగ్గించి మళ్లీ కట్టాలి. వరస తప్పిస్తే బొమ్మ వస్తుంది, పడవ రాదు.

ముందు ఈ పడవ ఇలా ఎందుకు ఉందో చెప్పుకోవాలి. 1876లో పని మొదలుపెట్టి కృత్రిమంగా రేవు కట్టేదాకా మద్రాసులో ఓడ ఒడ్డుకు ఆనే చోటే లేదు. పెద్ద ఓడలన్నీ దూరంగా, లోతు నీళ్లలో లంగరు దించుకుని ఆగేవి. అక్కణ్ణించి నేల మీద కాలు పెట్టాలంటే మధ్యలో కెరటాలు విరిగే చోటు దాటాలి. మన తూర్పు తీరం చాలాచోట్ల అంతే. ఇసుక నేల మెల్లగా పల్లమవుతూ పోతుంది, దాని మీద కెరటం లేచి, వంగి, విరిగి పడుతుంది. ఓడల్లో ఉండే మేకుల పడవలు ఆ కెరటంలోకి వస్తే అడుగు ఇసుకకు కొట్టుకుని పగిలిపోయేవి. మేకు వంగదు. మేకు చుట్టూ ఉన్న చెక్క చీలుతుంది. తాడు అలా కాదు. దెబ్బ తగిలినప్పుడు పడవ మొత్తం కాస్త ఒళ్లు విరుచుకుంటుంది. బల్లలు వంగుతాయి, కుట్లు సాగుతాయి, కెరటం పోగానే మళ్లీ సర్దుకుంటాయి. ఇసుక మీద ధడేలున పడినా పడవ పడవలాగే ఉంటుంది.

తెడ్లు కూడా చూడదగ్గవి. పొడుగాటి గెడ చివర గుండ్రటి పలక కట్టి ఉంటుంది. వెనక ఒక మనిషి నిలబడి పెద్ద తెడ్డునే చుక్కానిగా తిప్పుతాడు. కెరటం వెనక కెరటం లెక్కపెడుతూ, ఎప్పుడు తొయ్యాలో, ఎప్పుడు ఆగాలో అతనే అరిచి చెప్పాలి. పక్కన తెప్పల మీద జాలర్లు వెంట వచ్చేవారు, ఎవరైనా నీళ్లలో పడితే తియ్యడానికి. 1834లో జాన్ ఎడీ అనే బ్రిటిష్ నౌకా నిర్మాణ అధికారి ఈ తీరపు పడవల మీద ఒక వ్యాసం అచ్చు వేశాడు. మొదట్లో నేను చెప్పిన కొలతలు అందులోవే. పడవ కట్టడం బతుకుతెరువుగా ఉన్న మనిషి, మరొక దేశపు పడవను గౌరవంగా చూసి రాసిన రాత అది.

మన తీరపు పడవల్ని అంత శ్రద్ధగా చూసినవాడు ఇంకొకడు ఉన్నాడు. ఎడ్మండ్ పారిస్ అనే ఫ్రెంచి నౌకాధికారి. 1829 చివర్లో లా ఫావొరీత్ అనే ఓడ ప్రపంచం చుట్టి రావడానికి ఫ్రాన్సులో బయలుదేరింది. అది మన యానాం, కోరంగి వైపు కూడా వచ్చింది. పాతికేళ్లు నిండీ నిండని పారిస్ అందులో ఉన్నాడు. ఓడ ఆగిన చోటల్లా అతను చేసే పని ఒకటే: అక్కడి పడవల్ని కొలవడం, గీయడం. అలా మూడు ప్రపంచ యాత్రలు చేసి, గీసినవన్నీ కూర్చి 1840ల మొదట్లో, యూరప్ వెలుపలి జాతుల నౌకా నిర్మాణం మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. అక్కడితో వదిలెయ్యలేదు. అడ్మిరల్ అయ్యాక, 1871లో, లూవ్ర్‌లో ఉన్న నౌకా ప్రదర్శనశాల బాధ్యత తీసుకున్నాడు. 1893లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉండి, తన గీతలు ముందు పెట్టి పనివాళ్లచేత చెక్క నమూనాలు కట్టించాడు. కాగితం మీద ఉన్న గీత చాలదని ఆయనకు తెలుసు. గీతలో పడవ ఆకారం ఉంటుంది. ఏ బల్ల ముందు పెట్టారు, ఏది తర్వాత, ఎక్కడ బలం పడుతుంది, ఎక్కడ చెయ్యి పట్టదు అన్నది కట్టి చూస్తేగానీ అంతుపట్టదు.

దీనికి మన ఇంటి ఉదాహరణే ఉంది. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ చూసి మనం గర్వపడతాం, పడవలసిందే. కానీ ఆ ఓడ బల్లల్ని కుట్టారా, మేకులు కొట్టారా, అడుగు చదునుగా ఉండేదా, కోలగా ఉండేదా? నాణెం చెప్పదు. అదే ఈజిప్టు సంగతి చూడండి. సుమారు 4000 ఏళ్ల కిందట మెకెత్రే అనే ఒక పెద్ద ఉద్యోగి సమాధిలో చెక్క పడవల నమూనాలు పెట్టారు. 1920లో అవి బయటపడ్డాయి. తెడ్లు వేసే మనుషులతో సహా, కట్టిన తాళ్లతో సహా ఉన్నాయి. ఆ కాలపు నైలు పడవలో ఎవరు ఎక్కడ కూర్చునేవారో, తెరచాప ఎలా దించేవారో ఇవాళ మనకు తెలిసిందంటే ఆ నమూనాలు చేసిన వడ్రంగుల పుణ్యమే.

నా బాధ ఇది. మన కుట్టు పడవ కట్టినవాళ్లు ఎన్నడూ కాగితం మీద గీసుకోలేదు. లెక్కంతా చేతిలో ఉంది, కంట్లో ఉంది. ఫైబర్ పడవలు వచ్చాక కుట్టేవాళ్ల చేతులకు పని తగ్గింది. 2004 సునామీ తర్వాత ఆ మార్పు ఇంకా వేగంగా వచ్చింది. జాలరిని తప్పుపట్టడానికేమీ లేదు. ఫైబర్ తేలిక, ఏటేటా విప్పి కుట్టే పని లేదు, ఇంజను బిగించుకోవచ్చు. బతుకు వాళ్లది. కానీ చేతిలో ఉన్న లెక్క ఇంకో చేతిలోకి దిగకపోతే పోతుంది. నమూనా కట్టడం ఆ లెక్కను మన చేతుల్లోకి దించుకునే దారి. అందుకే దీన్ని నేను కాలక్షేపం అనుకోను.

ఇప్పుడు పనిలోకి వద్దాం.

బజార్లో ఓడ నమూనాల పెట్టెలు దొరుకుతాయి. విక్టరీ, కటీ సార్క్ వంటి పేరున్న ఓడలవి. ముక్కలన్నీ కోసి, అంకెలు వేసి ఇస్తారు. అతికించుకుంటూ పోవడమే. చెయ్యి తిరగడానికి పనికొస్తాయి, కాదనను. కానీ వాటిలో వరస ఎప్పుడూ ఒకటే: ముందు అడుగు దూలం, దాని మీద పక్కటెముకలు, వాటి మీద బల్లలు. మన కుట్టు పడవ ఆ దారిన పోదు. ఇక్కడ ముందు బల్లలే వస్తాయి. బల్లల్ని బల్లలకే కుట్టి పెంకు తయారుచేస్తారు. ఆ తర్వాతే అడ్డంగా దూలాలు వేస్తారు. లోపల ఆసరా లేకుండా పెంకు తన ఆకారం తానే ఎలా నిలుపుకుంటుందో చూడాలంటే పెట్టె కొనకుండా మొదలుపెట్టాలి.

కొలత 20కి ఒకటి పెట్టుకోండి. 9 మీటర్ల పడవ 45 సెంటీమీటర్లవుతుంది, 3 మీటర్ల వెడల్పు 15 అవుతుంది. బల్ల మీద పెట్టుకుని రెండు చేతులూ లోపలికి పోనిచ్చి పనిచేసుకోవచ్చు. 3 సెంటీమీటర్ల మందం ఉన్న బల్ల మిల్లీమీటరున్నర పలక అవుతుంది. ఇంతకంటే చిన్నది పెట్టుకుంటే కుట్టు కుట్టలేరు, గీసుకోవాల్సిందే. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. పొడవు 20 వంతులు తగ్గితే బరువు 20 వంతులే తగ్గదు. పొడవు, వెడల్పు, లోతు మూడూ తగ్గాయి కదా, 20ని మూడుసార్లు గుణిస్తే 8000. అసలు పడవ ఒక టన్ను తూగితే మీ నమూనా 125 గ్రాములే తూగాలి. తూకం వేసి చూస్తే మీ పలకలు మందం ఎక్కువయ్యాయో లేదో అక్కడే బయటపడుతుంది.

చెక్క సంగతి. మన బొమ్మల ఊళ్లకు చెక్క గురించి తెలిసినంత ఎవరికీ తెలియదు. కొండపల్లివాళ్లు తెల్ల పొనికి వాడతారు. తేలిక, మెత్తన, ఉలికి వెన్నలా లొంగుతుంది. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతుకుతారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క పూస్తారు. పొనికితో మనుషుల్ని, సరుకు మూటల్ని, పడవలో కూర్చున్న తెడ్డువాళ్లను చెక్కుకోండి. గుండ్రంగా తిరగవలసినవన్నీ అంకుడుతో చేసుకోండి. బల్లలకు మాత్రం పొనికి వద్దు. కుట్టు బిగించగానే దారం చెక్కను కోసేస్తుంది. అసలు పడవకు వాడిందే వాడండి, మామిడి. కోత మిల్లుకు వెళ్లి పలచగా కోసిపెట్టమంటే పట్టీలు కోసిస్తారు. నరం పట్టీ పొడవునా సాగాలి, అడ్డంగా తెగితే వంచినప్పుడు అక్కడే విరుగుతుంది. కోసిన పట్టీలను నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే మెలితిరుగుతాయి.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. చిన్న రంపం, సన్న ఉలి, ఆకురాయి, ఉప్పుకాగితం, అర మిల్లీమీటరు సూదులు పట్టే చేతి డ్రిల్లు, సూదిముక్కు పటకారు, ఇంట్లో బట్టలారేసే క్లిప్పులు ఓ పాతిక. క్లిప్పులు మాత్రం ఎన్ని ఉన్నా చాలవు.

బల్ల వంచడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. ఒడ్డున పడవ కట్టేవాళ్లు బల్లను తడిపి, కింద మంట సెగ పెట్టి, చివర బరువులు వేలాడదీసి, తాళ్లతో లాగి మెల్లగా వంచుతారు. కోరంగి పక్కనున్న తాళ్లరేవులో ఒక పెద్ద మేస్త్రిని నేను అడిగాను, "మేస్త్రి గారూ, ఎంతదాకా వంచొచ్చో మీకు ఎలా తెలుస్తుంది?" అని. ఆయన పని ఆపకుండానే అన్నాడు: "బల్లే చెబుద్దండీ. ఇరగబోయే ముందు కిర్రుమంటది. అక్కడ ఆపాల. ఆపి, తడిపి, మళ్లీ అడగాల." ఇంట్లో చిన్న పట్టీ అయినా అంతే. మరిగిన నీళ్లలో కాసేపు నాననిచ్చి, కాలిన ఇనప గొట్టానికి లోపలి వైపు ఆనించి, వేళ్లతో అదుముతూ జరుపుకుంటూ పోవాలి. పట్టీ మొదట మొరాయిస్తుంది. తర్వాత ఒక్కసారిగా, ఏదో నిర్ణయించుకున్నట్టు, లొంగుతుంది. ఆ లొంగడం వేళ్లకు తెలుస్తుంది. చెవి దగ్గరగా పెట్టి వినండి, మేస్త్రి చెప్పిన కిర్రు వినిపిస్తుంది. వంచినదాన్ని కావలసిన వంపుకన్నా కొంచెం ఎక్కువ వంచి క్లిప్పులు పెట్టి ఆరనివ్వాలి. విడిచినప్పుడు కాస్త వెనక్కి వస్తుంది.

అడుగు బల్లలు ముందు. ఈ పడవ అడుగు చదునుగా ఉంటుంది, అందుకే ఇసుక మీద ఒరగకుండా కూర్చుంటుంది. అడుగు బల్లల్ని ఒకదానికొకటి కుట్టి, ముందూ వెనకా లేచే కొనకొయ్యలు నిలబెట్టి, ఆ తర్వాత పక్క బల్లలు ఒక్కొక్క వరసా పైకి ఎక్కించుకుంటూ రావాలి. ప్రతి బల్ల అంచూ దాని కింది బల్ల అంచుకు సందు లేకుండా కూర్చోవాలి. ఇక్కడ జిగురు ఊరిస్తుంది. చుక్క ఫెవికాల్ పెడితే కుట్టేటప్పుడు కదలకుండా ఉంటుంది కదా అనిపిస్తుంది. పెట్టకండి. జిగురు పెట్టిన అతుకు బిర్రబిగుసుకుంటుంది. ఈ పడవ ప్రాణమంతా అతుకు కదలడంలో ఉంది. జిగురు పెట్టిన రోజున అది కుట్టు పడవ కాకుండా పోతుంది, కుట్లు వట్టి అలంకారంగా మిగులుతాయి.

ఇక కుట్టు. అసలు పడవలో బెజ్జానికీ బెజ్జానికీ 6 సెంటీమీటర్లు ఉందనుకుందాం, నమూనాలో 3 మిల్లీమీటర్లు. 45 సెంటీమీటర్ల అతుకుకు ఒక్కో అంచున 150 బెజ్జాలు. రెండంచులకూ 300. ఇది ఒక్క అతుకుకే. బెజ్జం అంచుకు మరీ దగ్గరైతే చెక్క చీలుతుంది, దూరమైతే కుట్టు బిగువు రాదు. ఒక సన్న రేకు ముక్కకు సమదూరంలో బెజ్జాలు వేసుకుని, దాన్ని బల్ల అంచుకు ఆనించి గురుతులు పెట్టుకుంటే పని సుఖపడుతుంది. డ్రిల్లును నిలువుగా పట్టి, తిప్పుతున్నప్పుడు నొక్కకుండా, దాని బరువుకే దిగనివ్వాలి.

తాడుకు నూలు దారం. 6 మిల్లీమీటర్ల కొబ్బరి తాడు ఇక్కడ 0.3 మిల్లీమీటర్లవుతుంది. చిక్కటి టీ డికాషన్లో దారాన్ని ఓ రాత్రంతా నానబెట్టి ఆరబెడితే కొబ్బరి పీచు రంగు వస్తుంది. దానికి తేనెమైనం పట్టించాలి, అప్పుడు పోగులు లేవకుండా బెజ్జంలోంచి సాఫీగా జారుతుంది. లోపలివైపు అతుకు పొడవునా పీచు చుట్ట పెట్టాలి. అసలు పడవలో గడ్డో కొబ్బరి పీచో పెడతారు. మనం కొబ్బరి పీచునే దువ్వి, సన్నటి పోగులు ఏరి, అరచేతుల మధ్య పేని పెట్టుకోవచ్చు. దారం పై బల్లలోంచి వచ్చి, ఈ పీచు చుట్ట మీదుగా అతుకు దాటి, కింది బల్లలోకి దిగి, మళ్లీ పక్క బెజ్జంలోంచి పైకి రావాలి. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు అవే బెజ్జాల్లోంచి అడ్డం పడుతూ కుట్టుకొస్తే, చుట్ట మీద కుట్లు ఒకదాన్నొకటి కోసుకుంటూ వరసగా నిలుస్తాయి. కుట్టు బిగిసిన కొద్దీ పీచు చుట్ట అతుకులోకి నొక్కుకుపోతుంది. నీటిని ఆపేది అదే.

బిగువు నిలపడం కష్టం. ఒక కుట్టు బిగించి రెండోదానికి పోయేలోపు మొదటిది వదులవుతుంది. ఒడ్డున ఈ పని ఇద్దరు చేస్తారు. ఒకరు లోపల, ఒకరు బయట. తాడు అందించుకుంటూ, కర్రకు చుట్టి మెలిపెట్టి లాగుతూ, పీచు మీద కొడుతూ పోతారు. ఇంట్లో ఒక్కరే అయితే వెదురు పుల్లల్ని సూదిగా చెక్కుకుని పక్కన పెట్టుకోండి. కుట్టు లాగిన వెంటనే ఆ బెజ్జంలో పుల్ల గుచ్చితే దారం జారదు. రెండోది లాగి, దానికి పుల్ల గుచ్చి, మొదటి పుల్ల తీసెయ్యండి. ఇంట్లో ఎవరైనా తోడు కూర్చుంటే మరీ మంచిది. చేసిన కొద్దీ ఇద్దరి చేతులకూ ఒక లయ వస్తుంది. మాట్లాడుకోకుండానే ఎప్పుడు అందించాలో తెలిసిపోతుంది. అంత పెద్ద పడవను పాట పాడుకుంటూ కుట్టేవాళ్లకు ఆ పాట ఎందుకు అవసరమో అక్కడ అర్థమవుతుంది.

పక్కలు లేచాక అడ్డ దూలాలు. వాటి చివరలు పక్క బల్లల్లోంచి బయటికి పొడుచుకుని రావాలి, వాటినీ తాడుతోనే కట్టాలి. తెడ్లు వేసేవాళ్లు వాటి మీద కూర్చుంటారు. ఇవి పడ్డాకే పెంకు నిలదొక్కుకుంటుంది. రెండు చేతుల మధ్య పెట్టి మెల్లగా మెలిపెట్టి చూడండి. కొంచెం లొంగి, వదిలేస్తే తిరిగి వస్తుంది. కెరటంలో ఆ పడవ చేసిన పని మీ అరచేతుల్లో జరుగుతుంది. ఇది ఏ పుస్తకంలో చదివినా నాకు ఇంతగా పట్టుబడేది కాదు.

నీళ్లలో పెట్టగానే కారుతుంది. కంగారు పడనక్కర్లేదు. అసలు పడవా కారేది. నీళ్లు తోడిపొయ్యడానికి అందులో మనుషులు ఉండేవారు. తొట్టిలో నీళ్లు పోసి రాత్రంతా అలాగే ఉంచండి. చెక్క ఉబ్బుతుంది, పీచు ఉబ్బుతుంది, అతుకులు వాటంతటవే మూసుకుంటూ వస్తాయి. ఆ తర్వాత కావాలంటే ఒక నూనె పూత. వార్నీషు మాత్రం వద్దు, అది అతుకుల్లో గడ్డకట్టి కుట్లను బిగదీస్తుంది.

తేలుతున్న నమూనాను తోసి చూసేటప్పుడు ఇంకో ముచ్చట ఉంది. చిన్న పడవ చుట్టూ లేచే అలలు పెద్ద పడవ అలల్లా ఉండాలంటే దాన్ని ఎంత వేగంతో లాగాలి? విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఈ లెక్క తేల్చి, 1872లో టోర్కీలో తన ఇంటి దగ్గరే పొడవాటి నీటి తొట్టి కట్టించి, మైనపు నమూనాలను లాగి చూశాడు. పొడవు ఎన్ని వంతులు తగ్గిస్తే, వేగాన్ని దాని వర్గమూలం వంతున తగ్గించాలి. 20కి వర్గమూలం నాలుగున్నరకు కొంచెం తక్కువ. అసలు పడవ గంటకు 9 కిలోమీటర్లు పోయేదైతే మన నమూనాను గంటకు 2 కిలోమీటర్ల వేగంతో, అంటే నింపాదిగా నడిచే మనిషి వేగానికి సగంతో లాగాలి. చెరువు గట్టున ఒక పిల్ల దారం పట్టుకుని మెల్లగా నడిస్తే చాలు, పడవ ముక్కు దగ్గర లేచే అల అచ్చం సముద్రం మీది అలలాగే విడిపోతుంది. మన విశాఖపట్నంలో నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో ఇప్పటికీ ఇదే సూత్రంతో నమూనాలను పెద్ద తొట్టిలో లాగి పరీక్షిస్తారు. ఇంత పెద్ద శాస్త్రం మీ పెరటి తొట్టిలోనూ పనిచేస్తుంది, పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లు దీన్ని తప్పక వాడుకోవాలని నా కోరిక.

కుట్టు పడవ అయ్యాక తాళ్లరేవు పడవ కట్టండి. ఇది పూర్తిగా వేరే దారి. కోరంగి ఏటి ఒడ్డున, మడ అడవులకు దగ్గర్లో, ఆరుబయట పెద్ద పెద్ద చెక్క పడవలు కట్టిన ఊరు అది. పక్కనున్న కోరంగి ఒకప్పుడు పేరున్న రేవు. 1789లో, మళ్లీ 1839లో వచ్చిన తుపాను ఉప్పెనలు దాన్ని తుడిచిపెట్టాయి. రేవు పోయినా పడవ కట్టే విద్య చుట్టుపక్కల నిలిచింది. ఇక్కడ మేకులున్నాయి, పక్కటెముకలున్నాయి. పక్కటెముకకు తుమ్మ కర్ర. తిన్నగా పెరిగిన తుమ్మ దీనికి పనికిరాదు. వంకర తిరిగిన కొమ్మే కావాలి, ఎందుకంటే నరం వంపుతోపాటు తిరిగి ఉంటే ఆ కర్ర విరగదు. మేస్త్రి చెట్టును చూస్తూనే ఇది ముక్కు దగ్గరికి, ఇది నడుముకి అని చెప్పేస్తాడు. నమూనాకు జామ పుల్లలు చూడండి. జామ కొమ్మ చీలేచోట దొరికే వంపు సరిగ్గా ఇందుకే పెరిగిందా అనిపిస్తుంది. చీలిక ఉన్న పుల్లలు ఏరి, బెరడు తీసి, ఆరబెట్టి, చిన్నవీ పెద్దవీ వేరుచేసి పెట్టుకుంటే మీ దగ్గరో చిన్న టింబర్ డిపో ఉన్నట్టే. ఈ పడవ అతుకుల్లో నూలు కూరి, నూనెలో మరిగించిన గుగ్గిలం పట్టిస్తారు. ఇంట్లో కాచేటప్పుడు ఆరుబయట కాచండి, గుగ్గిలం తొందరగా అంటుకుంటుంది.

ఇదంతా చెయ్యాలంటే ముందు అసలు పడవ కావాలి. పుస్తకంలో బొమ్మ చూసి మొదలుపెట్టొద్దు. విశాఖ, శ్రీకాకుళం తీరాల్లోనూ, గోదావరి పాయల వెంటా, ఒడ్డున పక్కకు లాగేసిన పాత చెక్క పడవలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ఎండకూ వానకూ చివికి, రేపో మాపో వంటచెరకు కాబోయేవి. అవి అలా ఉండగానే వెళ్లి కొలవండి. కావలసింది ఒక టేపు, ఒక తూకపు గుండు కట్టిన దారం, రెండు వెదురు కర్రలు, నోటుబుక్కు. పడవ నడుమ మీదుగా ముక్కు నుంచి వెనక కొనదాకా దారం లాగి కట్టండి. అర మీటరుకు ఒకచోట వెదురు అడ్డంగా పెట్టి, అక్కణ్ణించి గుండు దించి, బల్ల ఎంత దూరంలో ఉందో, ఎంత లోతులో ఉందో రాసుకోండి. ప్రతి బల్ల వెడల్పూ, మందమూ, బెజ్జాల మధ్య దూరమూ. తాడు మిగిలి ఉంటే దాని మందం, ఏ వైపుకు పేనారో. బాగుచేసిన చోట్లు కూడా. బాగుచేతలు పడవ ఎక్కడ కష్టపడిందో చెబుతాయి.

కొలిచేటప్పుడు ఎవరో ఒకరు వస్తారు. "ఏటి బాబూ కొలత్తన్నారు, కొంతారా?" అని అడుగుతారు. కూర్చోబెట్టి అడగండి. తాతా, ఇది ఎవరు కుట్టారు? ఎన్నాళ్లకోసారి విప్పి కుట్టేవారు? ఎంతమంది ఎక్కేవారు, ఏ వల వేసేవారు? చుక్కాని పట్టినవాడు ఎక్కడ నిలబడేవాడు? ఒక్కోసారి మాట కంటే చేతులు ముందు చెబుతాయి. తాడు లేకుండానే గాల్లో కుట్టు కుట్టి చూపిస్తారు. ఆ చేతుల్ని ఫోనులో వీడియో తియ్యండి, ఆయన ఒప్పుకుంటేనే. నమూనా పూర్తయ్యాక మొదట ఆయనకే చూపించాలి. తప్పులు ఆయన చెప్పినట్టు ఏ నిపుణుడూ చెప్పలేడు.

నమూనాను అద్దాల పెట్టెలో పెడితే పెట్టండి కానీ, పడవ అడుగున, లోపలివైపు ఒక చీటీ అంటించండి. ఈ ఒక్కచోట జిగురు వాడండి. ఆ చీటీ మీద ఏ ఊరి ఒడ్డున, ఏ నెలలో, ఏ సంవత్సరంలో కొలిచారో రాయండి. అసలు పడవ పొడవు, వెడల్పు, లోతు, నమూనా కొలత, ఏ కర్ర, ఏ తాడు రాయండి. అడగ్గా తెలిసిన కబుర్లు రాయండి, ఎవరు చెప్పారో వాళ్ల పేరు వాళ్లు రాయమంటే అదీ. మీరు కొలవలేక ఊహించి చేసిన భాగాలు ఏమైనా ఉంటే వాటిని వేరుగా, ఎర్ర సిరాతో రాయండి. పెన్సిలైతే రాపిడికి చెరుగుతుంది, బాల్ పెన్ను పాలిపోతుంది. నల్ల ఇండియన్ ఇంకు వాడండి, ఎరుపులో కూడా ఇండియన్ ఇంకు దొరుకుతుంది. చీటీకి ఇంకో ప్రతి తీసి కొలతల నోటుబుక్కులో పెట్టుకోండి.